బౌలర్ని కొనండ్రా బాబూ!

ఫాంటసీ క్రికెట్‌లో మనవాళ్లు ఓడిపోయేది అదృష్టం లేక కాదు, భక్తి ముదిరి. పదకొండుమందిని ఎంచుకోమంటే ముందు ఆరుగురు బ్యాటర్ల పేర్లు నొక్కేస్తారు. మిగిలిన క్రెడిట్లతో ఎవడు దొరికితే వాణ్ణి బౌలర్‌గా పడేస్తారు. కెప్టెన్ బ్యాటరే, వైస్ కెప్టెనూ బ్యాటరే. రాత్రి పదకొండున్నరకు జట్టు అడుక్కి జారిపోయాక తిట్లు మాత్రం బౌలర్‌కి: "ఒక్క వికెట్టయినా తియ్యలేదు, వెధవ!" ఇది తెలివితక్కువతనం. అంతకంటే ముందు ఆటకు అవమానం. ఈ మాట గట్టిగా అనేవాళ్లు కనపడటం లేదు కనుక నేనే అంటున్నాను, కోపం వచ్చేవాళ్లకు రానివ్వండి.

నేనుండేది కిరుమాంబాక్కంలో. పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రోడ్డు మీద, బాహూరు పక్కన ఉంటుంది. ఊరంతా తమిళమే అయినా ఆరుపడై వీడు వైద్య కళాశాల, ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి కనుక టీ కొట్టు దగ్గర తెలుగు కూడా చెవిన పడుతుంది. ఐపీఎల్ రోజుల్లో మరీనూ. ఒకడిది నెల్లూరు యాస, ఒకడిది వరంగల్, మరొకడు యానాం వాడు. టాస్ పడే ముందు ముగ్గురూ ఫోన్లలో తలలు దూర్చి చేసే చర్చ వినాలి. "అభిషేక్‌ని తియ్యలేంరా, హెడ్‌ని తియ్యలేంరా, కోహ్లీని తీస్తే పాపంరా!" ఎవరిని తీసెయ్యాలన్నది తేల్చుకోలేక చివరికి నాలుగో బౌలర్ మెడ కోస్తారు. ప్రతిసారీ వాడి మెడే.

ఇక్కడో తమాషా ఉంది. ఈ పిల్లల్లో నెల్లూరు, వరంగల్ వాళ్ల సొంత రాష్ట్రాల్లో ఈ ఆటను డబ్బు పెట్టి ఆడటానికి లేకుండా పోయింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలకు తాళం వేశాయి. పుదుచ్చేరిలో ఆ తాళం పడలేదు. చదువుకోసం ఇక్కడికి వచ్చిన కుర్రాడికి ఇంటి దగ్గర మూసుకున్న తలుపు హాస్టల్లో తెరుచుకుంది. యానాం సంగతి ఇంకా విచిత్రం. చుట్టూ ఆంధ్ర, చట్టం మాత్రం పుదుచ్చేరిది. గౌతమి మీది వంతెన దాటి ఎదుర్లంకలో అడుగుపెడితే నేరమైనది ఇటు ఒడ్డున 2025 దాకా వినోదం. ఇన్నేళ్లు దొరికిన ఆ అవకాశంతో మనవాళ్లు నేర్చుకున్నదేమిటయ్యా అంటే, ఏమీ లేదు. వాల్‌పేపర్ మీద ఎవడి బొమ్మ ఉంటే వాణ్ణే కెప్టెన్ చేశారు.

లెక్క చూద్దాం. డ్రీమ్11 యాప్‌లో చాలాకాలం నడిచిన టీ20 పాయింట్ల పద్ధతి ఇది: పరుగుకు 1, ఫోర్‌కు అదనంగా 1, సిక్సర్‌కు అదనంగా 2, అర్ధసెంచరీకి 8. వికెట్‌కు 25. అది బౌల్డో ఎల్బీడబ్ల్యూనో అయితే మరో 8. మూడు వికెట్లు తీస్తే ఇంకో 4. మెయిడెన్ ఓవర్‌కు 12. ఇప్పుడొక బ్యాటర్ అయిదు ఫోర్లు, రెండు సిక్సర్లతో యాభై కొట్టాడనుకోండి. 50, 5, 4, 8. మొత్తం 67. స్టేడియం లేచి నిలబడుతుంది, కామెంటేటర్ గొంతు చించుకుంటాడు, మీ హాస్టల్లో కంచాలు మోగుతాయి. అదే మ్యాచ్‌లో ఒక బౌలర్ మూడు వికెట్లు తీశాడు, అందులో రెండు బౌల్డ్. 75, 16, 4. మొత్తం 95. వీడికోసం మోగిన కంచం ఒక్కటీ లేదు. స్ట్రైక్ రేటు, ఎకానమీ పాయింట్లు కలిపినా తేడా పెద్దగా మారదు. తర్వాత్తర్వాత అంకెలు అటూ ఇటూ సర్దారు కానీ, వికెట్ ఖరీదైన వస్తువన్న మూలసూత్రం ఎక్కడికీ పోలేదు. ఆట తయారు చేసినవాడు ధరల పట్టిక గోడకు తగిలించి మరీ చెప్పాడు. చదవం!

"అన్నా, బౌలర్‌కి వికెట్ పడకపోతే సున్నాయే కదా" అంటాడు ప్రతి కుర్రాడూ. నిజమే. యాభై పరుగులిచ్చి ఒట్టి చేతులతో వచ్చే రోజులు బౌలర్‌కి ఉంటాయి, ఎకానమీ కింద పాయింట్లు కోసేస్తారు కూడా. కానీ అతనికి పని దొరుకుతుందా లేదా అన్నది ముందే తెలుసు. జట్టులో ప్రధాన బౌలర్ అయితే ఇరవై నాలుగు బంతులు అతని హక్కు. బ్యాటర్‌కి అలాంటి హక్కు లేదు. మొదటి బంతికే అవుటయితే ఇంటికే. అయిదో నంబర్లో దిగేవాడికి పైన నలుగురు బాగా ఆడితే ప్యాడ్లు కట్టుకుని కూర్చోవడమే. మీరు ఎంత గొప్ప ఫినిషర్ని కొన్నా, టాపార్డర్ పదహారు ఓవర్లు లాగేస్తే అతని వాటాకు వచ్చేవి పది బంతులు. ఫాంటసీలో మొదట కొనవలసింది ప్రతిభను కాదు, అవకాశాన్ని. ప్రతిభ ఎలాగూ ఆ స్థాయిలో అందరికీ ఉంటుంది.

బౌలర్లలోనూ అందరూ ఒకటి కాదు. పవర్‌ప్లేలో రెండు, ఆఖరి నాలుగు ఓవర్లలో రెండు వేసేవాణ్ణి కొనాలి. ఆఖర్లో బ్యాటర్లు గుడ్డిగా ఊపుతారు, లాంగాన్‌లో క్యాచ్ లేస్తుంది, అది గొప్ప బంతా కాదా అని పాయింట్ల పట్టిక అడగదు. యార్కర్ వేసేవాడు, వికెట్లకు సూటిగా వేసే స్పిన్నర్ ఆ 8 పాయింట్ల బోనస్ తెస్తారు. రెండు ఓవర్లేసి మాయమయ్యే ఆరో బౌలర్ని మాత్రం ముట్టుకోకూడదు. ఆల్‌రౌండర్ అనే బోర్డు చూసీ మోసపోకూడదు. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక ఐపీఎల్‌లో సగం మంది ఆల్‌రౌండర్లకు బంతి ఇచ్చే నాథుడు లేడు. పేరుకు ఆల్‌రౌండర్, పనికి ఆరో బ్యాటర్. రాత్రి మ్యాచ్‌లో మంచు కురిసే మైదానమైతే రెండో ఇన్నింగ్స్‌లో స్పిన్నర్‌కి బంతి చేతిలో నిలవదు, అది కూడా టాస్ అయ్యాక చూసుకోవాలి. ఇవన్నీ రహస్యాలు కావు. నాలుగు మ్యాచ్‌లు కళ్లు తెరిచి చూస్తే తెలుస్తాయి.

ఇక అమెరికా పాండిత్యం ఒకటి దిగుమతి అయింది. అక్కడ ఉద్యోగాలు చేసే మన కుర్రాళ్లు కొందరు ఆఫీసు లీగుల్లో ఫాంటసీ బేస్‌బాల్ ఆడి, ఇక్కడి తమ్ముళ్లకు ఫోన్లో జ్ఞానబోధ చేస్తుంటారు: "బంతి విసిరేవాళ్ల మీద డబ్బు తగలెయ్యకు, కొట్టేవాళ్ల మీద పెట్టు." బేస్‌బాల్‌లో ఆ మాట సరైనదే. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, అతని మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన లీగ్ ఇప్పటి ఫాంటసీ ఆటల్లో చాలావాటికి తాత. వాళ్లు కలుసుకునే ఫ్రెంచి హోటల్ పేరు మీద దానికి రోటిసెరీ అన్న పేరొచ్చింది. సాధారణంగా వేలం పాట, 260 డాలర్ల బడ్జెట్, ఇరవై ముగ్గురు ఆటగాళ్లు. అందులో పద్నాలుగురు హిట్టర్లు, తొమ్మిదిమంది పిచ్చర్లు. అనుభవజ్ఞులు ఆ బడ్జెట్‌లో మూడింట రెండు వంతులు హిట్టర్ల మీదే పెడతారు. ఎందుకంటే 162 మ్యాచ్‌ల సీజన్లో హిట్టర్ దాదాపు రోజూ ఆడతాడు, స్టార్టింగ్ పిచ్చర్ అయిదారు రోజులకోసారి వస్తాడు. పైగా మోచేతిలో లిగమెంట్ తెగిందంటే టామీ జాన్ సర్జరీ, ఏడాదికి పైగా సెలవు. అక్కడ అవకాశం హిట్టర్‌ది, అపాయం పిచ్చర్‌ది.

క్రికెట్‌లో అది తలకిందులు. బౌలర్ ప్రతి మ్యాచ్‌లోనూ వేస్తాడు, కోటా ప్రకారం వేస్తాడు. హిట్టర్ ఒక్క మ్యాచ్‌లో నాలుగైదుసార్లు బ్యాటు పట్టుకుని వస్తాడు, మొదటిసారి అవుటయినా మళ్లీ వస్తాడు. మన బ్యాటర్ అవుటయితే అంతే సంగతులు. ఈ తేడా గమనించకుండా అమెరికా సలహాను కిరుమాంబాక్కంలో అమలు చేస్తే ఏమవుతుంది? అయ్యేదే అవుతోంది. బేస్‌బాల్ సూత్రంలో తీసుకోవలసింది "కొట్టేవాణ్ణి కొను" అన్నది కాదు, "ఎవడికి పని ఎక్కువో వాణ్ణి కొను" అన్నది.

ఉదాహరణ కావాలా? 2024 ఐపీఎల్. హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ మార్చిలో ముంబయి మీద 277, ఏప్రిల్లో బెంగళూరు మీద 287 కొట్టింది. హైదరాబాద్ నుంచి అనంతపురం దాకా మనకు నిద్రల్లేవు. ఆ జట్టు ఓపెనర్లు హెడ్, అభిషేక్‌లను కెప్టెన్, వైస్ కెప్టెన్ చెయ్యనివాణ్ణి ద్రోహిలా చూశారు. మే 26న చెన్నైలో కోల్‌కతాతో ఫైనల్. అభిషేక్ 2 పరుగులకు స్టార్క్ చేతిలో బౌల్డ్. హెడ్ మొదటి బంతికే సున్నా. డకౌట్‌కు మైనస్ రెండు, కెప్టెన్‌కు రెట్టింపు కనుక మైనస్ నాలుగు. జట్టంతా కలిసి 113. అందులో ఎక్కువ పరుగులు ఎవరివో తెలుసా? కమిన్స్‌వి, 24. అతను బౌలర్! కోల్‌కతా తరఫున రసెల్‌కు మూడు వికెట్లు, స్టార్క్‌కు రెండు, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ స్టార్కే. అయిదు రోజుల ముందు అహ్మదాబాద్‌లో మొదటి క్వాలిఫయర్లో కూడా స్టార్క్ హెడ్‌ని సున్నాకే బౌల్డ్ చేశాడు. అంటే చెంపదెబ్బ ముందే పడింది. అయినా ఫైనల్ రోజు మళ్లీ అదే పేరు పక్కన కెప్టెన్ గుర్తు పెట్టినవాళ్లను నా కళ్లతో చూశాను. స్టార్క్‌ని కోల్‌కతా 24.75 కోట్లకు కొన్నప్పుడు నవ్విన నోళ్లు కూడా ఇవే.

అసలు తెలుగు గడ్డ పేరు మోసిన జట్లు కప్పులు ఎలా గెలిచాయో గుర్తుందా? 2009లో దక్షిణాఫ్రికాలో డెక్కన్ ఛార్జర్స్ ఫైనల్లో చేసింది 143. దాన్ని కాపాడుకుని 6 పరుగులతో గెలిచింది. ఆ ఏడాది పర్పుల్ క్యాప్ ఆర్పీ సింగ్‌ది, 23 వికెట్లు. ఫైనల్లో ప్రజ్ఞాన్ ఓఝా మూడు తీశాడు. అవతలి జట్టులో నాలుగు వికెట్లు తీసి, ఓడిపోయి కూడా మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అందుకున్నవాడు కుంబ్లే. 2016లో సన్‌రైజర్స్ కప్పు. ఆ ఏడాది కోహ్లీ 973 పరుగులు కొట్టాడు, ఇప్పటికీ ఏ సీజన్లోనూ ఎవరూ దాటని అంకె. కప్పు మాత్రం భువనేశ్వర్ 23 వికెట్లు, ముస్తాఫిజుర్ 17 వికెట్లు ఉన్న జట్టుకు పోయింది. వార్నర్ 848 కొట్టాడు, కాదనను. కానీ పరుగులే కప్పు తెచ్చేట్టయితే అది బెంగళూరుకు వెళ్లాల్సింది. 2018 ఏప్రిల్లో వాంఖడేలో మనవాళ్లు 118కి ఆలౌటయి, ముంబయిని 87కి చుట్టేసిన రాత్రి సంగతి వేరే చెప్పాలా?

సిరాజ్ సంగతికి వస్తే నాకు రక్తం మరుగుతుంది. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్, ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు, మొత్తం 21 పరుగులకు 6. శ్రీలంక 50కి ఆలౌట్. వికెట్లకే నూటయాభై పాయింట్లు, కెప్టెన్ని చేసి ఉంటే మూడువందలు. ఆ రోజు కోహ్లీకీ రోహిత్‌కీ బ్యాటు పట్టే పనే పడలేదు. కిషన్, గిల్ దిగి 6.1 ఓవర్లలో ముగించేశారు. కోహ్లీ, రోహిత్‌ల మీద కెప్టెన్, వైస్ కెప్టెన్ ముద్రలు వేసిన తెలుగు జట్లు ఎన్ని ఉండి ఉంటాయో ఊహించుకోండి. మనవాడు, మన ఊరివాడు, మన కళ్లముందే చేశాడు. అయినా మన జట్టులో వాడు కెప్టెన్ కాడు! 2025 ఆగస్టులో ఓవల్‌లో అయిదు వికెట్లు తీసి 6 పరుగులతో టెస్టు గెలిపించి, సిరీస్‌లో 23 వికెట్లతో అందరికంటే పైన నిలిచినప్పుడు వారం రోజులు స్టేటస్‌లు పెట్టారు. తర్వాత మామూలే.

ఈ రోగం ముదరడానికి ఎరువు వేసినవాళ్లున్నారు. "నేటి పక్కా విన్నింగ్ టీమ్" అంటూ యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో అరిచే జ్యోతిష్కులు. వీళ్లు చెప్పే జట్టూ, వీధిలో పిల్లవాడు చెప్పే జట్టూ ఒకటే. లక్షలమంది పాల్గొనే మెగా కాంటెస్ట్‌లో అందరూ వేసిన జట్టే వేస్తే, గెలిచినా ఎవరికంటే ముందుంటారు? అక్కడ పైకి రావాలంటే పదిమంది వద్దన్నవాణ్ణి నమ్మాలి. ఆ వద్దన్నవాడు నూటికి తొంభైసార్లు బౌలరే. ఒకప్పుడు జట్టులో కనీసం ముగ్గురు బౌలర్లు ఉండి తీరాలన్న నిబంధన ఉండేది. మనవాళ్లు సరిగ్గా ముగ్గుర్నే పెట్టేవాళ్లు, రేషన్ కార్డు మీద బియ్యంలా లెక్కగా. తర్వాత ఆ నిబంధన సడలించి ఒక్కరున్నా చాలు, ఎనిమిదిమంది దాకా పెట్టుకోవచ్చు అన్నారు. ఎనిమిదిమంది బౌలర్లతో ఒక్క జట్టు వేసిన మొనగాణ్ణి ఈ టీ కొట్టు దగ్గర నేను చూడలేదు.

యాప్ వ్యాపారులను వదిలేస్తానని అనుకోకండి. వాళ్లు పాడిన పాట ఒక్కటే, ఇది నైపుణ్యం ఆట అని. దానికి మూలపురుషుడు కూడా మన దగ్గరివాడే. సికింద్రాబాద్ క్లబ్బులో రమ్మీ మీద నడిచిన సత్యనారాయణ కేసులో, రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు అన్నమాట 1968 నుంచి లా రిపోర్టుల్లో ఉంది. 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు డ్రీమ్11ని అదే దారిలో నడిపించింది. సరే, నైపుణ్యమే అనుకుందాం. 2020, 2021ల్లో ఇదే పుదుచ్చేరిలో లయన్స్, బుల్స్, షార్క్స్, టస్కర్స్ అంటూ టీ20 పోటీలు నడిచాయి. అనంతపురం ఆర్డీటీ మైదానంలో ఆంధ్ర టీ20 నడిచింది. ఆ కుర్రాళ్ల ముఖం ఎన్నడూ చూడని పాట్నావాడు, లూధియానావాడు పొద్దున్నే లేచి వాళ్లమీద జట్లు వేశాడు. ఎవడు ఎన్ని ఓవర్లు వేస్తాడో, ఎవడు ఏ స్థానంలో దిగుతాడో తెలియనివాడికి నైపుణ్యం ఎక్కడినుంచి వస్తుంది? అనంతపురం మ్యాచ్ మీద అనంతపురంవాడు తప్ప తక్కిన దేశంలో చాలామంది పందెం కాయవచ్చన్న అప్పటి పరిస్థితి ఒకటి, దానికో దండం. ఆంధ్రప్రదేశ్ నిషేధం విధించిన 2020లోనే ఐపీఎల్‌కు 222 కోట్లు కట్టి డ్రీమ్11 తన పేరు తగిలించింది.

నిజమైన నైపుణ్యం ఏదైనా ఉంటే అది దగ్గరనుంచి చూసినవాడిది. పుదుచ్చేరి 2018-19లో మొదటిసారి రంజీ ఆడింది. కొత్త జట్టు బయటినుంచి ఎవరెవరిని తెచ్చుకుందో చూడండి. పరస్ డోగ్రా, అభిషేక్ నాయర్ ఉన్నారు, నిజమే. కానీ బౌలర్ పంకజ్ సింగ్‌నీ తెచ్చుకుంది, మరుసటి ఏడాది మరో బౌలర్ వినయ్ కుమార్‌నీ తెచ్చుకుంది. ఇరవై వికెట్లు తియ్యకుండా నాలుగు రోజుల మ్యాచ్ గెలవలేమని సెలెక్టర్‌కి తెలుసు. ఫోన్లో సెలెక్టర్ వేషం వేసినవాడికే తెలియదు.

ఇప్పుడు డబ్బు ఆట ఎలాగూ ముగిసింది. కేంద్రం తెచ్చిన బిల్లుకు 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదం, 22న రాష్ట్రపతి సంతకం. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనతో పని లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు. ఆ వెంటనే డ్రీమ్11 డబ్బు కాంటెస్టులు ఆపేసింది, భారత జట్టు చొక్కా మీదనుంచీ తప్పుకుంది. టీ కొట్టు దగ్గర కొందరు కుర్రాళ్లు ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు పెట్టారు. నాకు మాత్రం హాయిగా ఉంది. కోటి రూపాయల లాటరీ ఆశ పోయింది కనుక ఇప్పుడైనా ఆట ఆడవచ్చు.

ఎలా అంటే, తమ్ముళ్లూ, ఎనిమిదిమంది పోగవ్వండి. సీజన్ మొదలయ్యే ముందు ఒక రాత్రి హాస్టల్ మెస్‌లో వేలం పెట్టుకోండి. తలా వంద క్రెడిట్లు, తలా పదిహేనుమంది ఆటగాళ్లు, కాగితం మీద లెక్క, పైసా పందెం వద్దు. ఓడినవాడు సీజన్ అయ్యాక మీ మైదానం పిచ్‌కి నీళ్లు పట్టాలి, చాలు. ఒకడు కొన్న ఆటగాడు ఇంకొకడికి దక్కడు కనుక అందరూ కోహ్లీని పెట్టుకునే గొర్రెదాటు అక్కడ సాగదు. వేలం మొదలవ్వగానే మిగతా ఏడుగురూ ఓపెనర్ల కోసం ముప్పై, నలభై క్రెడిట్లు తగలేస్తారు. తగలెయ్యనివ్వండి. మీరు నోరు మూసుకుని ఆఖరి ఓవర్లు వేసే నలుగుర్ని, వికెట్లకు సూటిగా వేసే ఇద్దరు స్పిన్నర్లని చవగ్గా తెచ్చుకోండి. బ్యాటర్లు కావాలంటే మొదటి ముగ్గురిలో దిగేవాళ్లనే కొనండి, అయిదో నంబరు వాడు ఎంత అందగాడైనా వద్దు. మే నెలాఖరుకు పట్టిక చూసుకోండి. పైన మీ పేరు లేకపోతే ఇదే టీ కొట్టు దగ్గరికి వచ్చి నన్ను నిలదీయండి, టీ డబ్బులు నావి.